మలుపు దగ్గర మనిషి

ఆదివారం లోపల కావలసిన పనులు చాలా ఉన్నాయి. చైను బిగించి నూనె పెట్టాలి. వెనక బ్రేకు అరిగిపోయింది, మార్పించాలి. పాత కాలనీలో మిగిలిన వీధుల మీటర్లు శనివారం సాయంత్రానికల్లా చదివేయాలి. అక్కకి కంటి చుక్కల మందు తేవాలి. రెయిన్ కోటు భుజం దగ్గర చిరిగింది, కుట్టించాలి. అన్నిటికంటే ముందు, ఆదివారం ఎక్కడికి వెళ్తున్నదీ అక్కకి చెప్పాలి.

ఆ చివరిది తప్ప మిగతావన్నీ తేలికే అనిపించాయి ఆమెకి.

"గుంపులో వెళ్తావా? నువ్వా?" అంది అక్క. ఇస్త్రీ పెట్టె చొక్కా కాలరు మీదే ఆగిపోయింది. "సినిమాకి కూడా ఒక్కదానివే వెళ్లి, ఒక్కదానివే ఏడ్చి వచ్చే రకానివి కదే."

"ఏడవలేదు. కళ్లలో దుమ్ము పడింది."

"ఏసీ హాల్లో దుమ్మేమిటే?"

"అక్కా, కాలరు మాడుతోంది."

అక్క ఉలిక్కిపడి పెట్టె ఎత్తింది. కాలరు మాడలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో ఆదివారానికి అనుమతి దొరికిపోయింది.

ఆమె ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చదువుతుంది. పొద్దున బండెక్కితే మళ్లీ చీకటి పడే వేళకి దిగడమే. గేటు దగ్గర ఆగడం, కుక్క ఉందేమో చూడడం, మెట్ల కింద వంగి అంకెలు చూసి రాసుకోవడం, మళ్లీ కిక్కు కొట్టడం. ఆమె కోసం ఎవరూ ఆగరు. ఆమె ఎవరి కోసమూ ఆగదు. బండి అద్దంలో వెనక చూస్తే అది ఏ లారీయో మీదికొస్తోందేమోనని. అలాంటిది, టైర్ల షాపులో మీటరు చదవడానికి వెళ్లినప్పుడు ఆ షాపు యజమాని, "ఈ వానలో ఈ బురదలో ఇంత నిమ్మళంగా నడుపుతున్నావు, మాతో ఒకసారి రామ్మా" అని పిలిస్తే, కాదనడానికి వెంటనే కారణం తోచలేదు. ఆదివారాలు బళ్ల మీద కలిసి వెళ్లే జట్టుకి ఆయనే పెద్ద. అందరూ కెప్టెన్ అంటారు.

రెయిన్ కోటు తీసుకుని వీధి చివర సీటు కవర్ల షాపుకి వెళ్లింది. బళ్ల సీట్లకి తొడుగులు కుట్టే ఆయన కూడా ఆ జట్టులోవాడే. నిదానంగా నడుపుతాడని ఆయన్ని నత్త అంటారు. ఆ పేరుకి ఆయన పలుకుతాడు కూడా. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉంటాయి. కుట్టు మిషను చక్రాన్ని అరచేత్తో ఆపి, చిరుగుని రెండు వేళ్ల మధ్య పెట్టి సాగదీసి చూశాడు.

"పైపైన కుట్టేస్తే మళ్లీ చిరుగుతుంది తల్లీ. లోపల ఒక ముక్క వేస్తాను. కూర్చో."

రెండో మిషను దగ్గర ఆయన భార్య నీలం రెక్సిను కత్తిరిస్తోంది. కత్తెర చివరిదాకా మూయకుండా ముందుకు తోసుకుంటూ, గీత తప్పకుండా పోతోంది.

"అది ఎవరి సీటుకి?" అడిగింది ఆమె.

"నాకే," అంది ఆవిడ. "వచ్చే నెల సముద్రం దాకా వెళ్తారట గదా మీ జట్టువాళ్లు. వెనక సీటు నాది. కింద రెండు పొరలు స్పాంజి వేయించుకుంటున్నా."

"భయం లేదా అండీ, అంత దూరం?"

"ఈయన వెనక భయమా? కునుకు పడుతుంది. పక్కనుంచి సైకిలువాడు దాటుతూ బాగున్నారా అని పలకరిస్తాడు."

"సైకిలు కాదు, మోపెడ్," అన్నాడాయన దారం కొరుకుతూ.

*

శుక్రవారం సాయంత్రం టైర్ల షాపు వెనక కలిశారు. పాత టైర్లే కుర్చీలు. ఫొటో స్టూడియో కుర్రాడు, హెల్మెట్టు మీద ఎప్పుడూ కెమెరా పెట్టుకుంటాడు కాబట్టి అతన్ని కెమెరా అంటారు. బడిలో లెక్కలు చెప్పే మాస్టారు. ఇంకో అరడజను మంది. నత్త మాత్రం రాలేదు. ఏదో ఆటో సీటు సాయంత్రానికే ఇవ్వాలట.

"లేనప్పుడే మాట్లాడుకుందాం," అన్నాడు కెమెరా. "సముద్రం ట్రిప్పుకి నత్తని తీసుకెళ్తే మనం వెళ్లేసరికి అది ఎండిపోతుంది."

అందరూ నవ్వారు. కెప్టెన్ కూడా నవ్వి, తర్వాత గడ్డం గోక్కున్నాడు.

"మనిషి మంచివాడురా."

"మంచివాడు కాదని ఎవరన్నారు? కిందటిసారి ఆయన కోసం ఘాట్ రోడ్డు మొదట్లో ఎంతసేపు నిలబడ్డాం? గది ఇచ్చినవాడు తాళం వేసుకుని ఇంటికి పోయాడు."

ఆమె చేతిలో టీ గ్లాసు చల్లారిపోతోంది. నీలం రెక్సిను, రెండు పొరల స్పాంజి గుర్తొచ్చాయి. నోరు తెరిచి చెప్పొచ్చు. కానీ తను వచ్చింది మొదటిసారి. కొత్తగా వచ్చినదాన్ని, నాకెందుకు అనుకుంది. అలా అనుకోవడం ఆమెకి అలవాటే.

"సరే," అన్నాడు కెప్టెన్ చివరికి. "ఆదివారం డ్యామ్ దగ్గరికి వెళ్తున్నాం కదా. భోజనాల వేళకి మనతో పాటు అక్కడుంటే సముద్రానికి వస్తాడు. లేదంటే లేదు. నేనే చెప్తాను, ఆయనకి ముందే. చాటుగా తీసేయడం నాకిష్టం లేదు."

*

ఆదివారం పొద్దున పెట్రోలు బంకు దగ్గర కెప్టెన్ నత్త భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్లడం ఆమె చూసింది. నత్త తల ఊపాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తల ఊపాడు.

కెప్టెన్ తిరిగొచ్చి ఆమె చేతిలో నారింజ రంగు చేతుల్లేని కోటు పెట్టాడు.

"నువ్వు అందరికంటే చివర."

"తోకకి స్వాగతం," అన్నాడు కెమెరా.

ఆమెకి మొహం వేడెక్కింది. రోజంతా ఎవరి సాయం లేకుండా తిరిగేదాన్ని, నన్ను చివర పెడతారా?

"చిన్నబుచ్చుకోకు," అన్నాడు కెప్టెన్. "ముందు నడిపేవాడికి దారి తెలిస్తే చాలు. చివర ఉండేవాళ్లకి గుండె ఉండాలి. రూలు చెప్తా విను. దారి చీలిన చోటల్లా, సరిగ్గా నా వెనకున్న మనిషి ఆగిపోతాడు. చెయ్యి చాపి మిగతావాళ్లకి దారి చూపిస్తాడు. అందరూ దాటాక చివర నారింజ కోటు కనబడుతుంది. అప్పుడు బండెక్కి నీ ముందు కలుస్తాడు. నారింజ కోటు రాకపోతే..."

"వాన పడినా పిడుగు పడినా కదలకూడదు!" అందరూ ఎక్కం అప్పజెప్పినట్టు ఒక్కసారిగా అన్నారు. నత్త గొంతు కూడా అందులో ఉంది.

ఊరు దాటాక ఆమెకి కోపం సగం పోయింది. కొండ దారి మొదలయ్యాక పూర్తిగా పోయింది. ముందంతా బళ్ల వరుస. మొదటి బండి వంగిన చోటే రెండోది వంగుతోంది, అదే చోట మూడోది. ఒకే చేత్తో దారానికి గుచ్చి లాగుతున్నట్టు వరుస మొత్తం మలుపులోకి జారి, అవతల లేస్తోంది. ఎక్కడో ముందు కెప్టెన్ ఎడమ కాలు పక్కకి చాపాడు. వెనకవాడు చాపాడు. ఆ వెనకవాడు. గుంత ఉందన్న కబురు ఒకరి నుంచి ఒకరికి అందుకుంటూ ఆమె దాకా వచ్చింది. కాసేపటికి నిజంగానే ఎడమవైపు గుంత. ఆమె పక్కకి తప్పుకుంది. ఇన్నేళ్లలో ప్రతి గుంతా ఆమె తనంతట తానే కనుక్కుంది, సాధారణంగా అందులో పడ్డాక.

దారి చీలిన ప్రతి చోటా ఒకరు నిలబడి ఉన్నారు. పాల కేంద్రం దగ్గర జట్టులో ఒక పొడుగాటాయన. రైలు గేటు దగ్గర కెమెరా. ఆమె కోటు కనబడగానే బండెక్కి ముందు కలుస్తున్నారు. తన కోసం ఒక మనిషి రోడ్డు మీద ఆగి ఉండడం కొత్తగా ఉంది. మొదట ఇబ్బంది అనిపించింది. తర్వాత బాగుంది. మూడో చీలిక దగ్గరికి వచ్చేసరికి ఎవరు ఉంటారా అని ఎదురు చూసింది. మాస్టారు ఉన్నాడు.

వాన మొదలైంది. వంతెన దిగాక రోడ్డు మీద కంకర పరుచుకుని ఉంది. ఆమెకి సరిగ్గా ముందున్న మాస్టారి బండి వెనక చక్రం జారింది. పెద్ద వేగం లేదు. బండి ఒక పక్క, మాస్టారు ఒక పక్క. ముందున్నవాళ్లు అప్పటికే మలుపు తిరిగిపోయారు.

"ఏం కాలేదు, ఏం కాలేదు," అంటున్నాడు మాస్టారు. చెయ్యి మాత్రం పొట్టకి ఆనించి పట్టుకున్నాడు. మణికట్టు చూస్తుండగానే వాచింది.

పక్కన ఒక చిన్న దుకాణం. అందులో ఆవిడ గొడుగుతో పరిగెత్తుకొచ్చింది. "ఈ వెనక సందులోంచి దిగి కింది రోడ్డున పొండి, ఆస్పత్రి ఉంది. డ్యామ్‌కేనా? అటునుంచటే కాలవ గట్టు మీద పోవచ్చు. పై రోడ్డు కంటే దగ్గర."

ఆమె మాస్టారి బండిని దుకాణం పంచన పెట్టింది. ఆయన్ని తన వెనక ఎక్కించుకుంది. ఆ కొండల్లో ఎక్కడా సెల్లుకి సిగ్నలు లేదు. ఎవరినీ అడగక్కర్లేకుండా నిర్ణయం తీసుకోవడం ఆమెకి రోజూ ఉన్నదే. కింది రోడ్డు పట్టింది. ఆస్పత్రిలో కట్టు కట్టించింది. విరగలేదన్నారు. తర్వాత కాలవ గట్టు మీదుగా సర్రున డ్యామ్ చేరింది.

*

అందరూ మాస్టారి చుట్టూ మూగారు. కెప్టెన్ కట్టు తిప్పి తిప్పి చూసి, ఆమె వైపు తిరిగి, "నాకు తెలుసు. నిన్ను చివర పెడితే నిశ్చింత అని," అన్నాడు. పనిలో ఇన్నేళ్లుగా ఎవరూ ఆమెతో అనని మాట అది.

అతిథి గృహం వరండాలో డబ్బాలు విప్పారు. మాస్టారికి కెమెరా అన్నం కలిపి ఇచ్చాడు. "రేపు బడిలో పిల్లల లెక్కలకి తప్పులు పెట్టలేరు మాస్టారూ, పండగ చేసుకుంటారు." మాస్టారు ఎడమ చేత్తో అతని తల మీద ఒకటి వేశాడు.

"నత్త ఏడీ?" అన్నారెవరో.

"ఇంకా వస్తూనే ఉంటాడు."

"దారిలో ఎవరి సీటో చిరిగి ఉంటుంది. కుట్టి వస్తాడు."

నవ్వులు. కెప్టెన్ నవ్వలేదు. ఖాళీ డబ్బా మూత పెట్టి, "భోజనాల వేళ దాటింది," అన్నాడు. "మాట మాటే. ఆయన ఇంటికి వెళ్లి నేనే చెప్తాను. నేనే చెడ్డవాణ్ణవుతాను, కానీండి."

ఆమె తడిసిన నారింజ కోటు విప్పి వరండా గోడ మీద ఆరేస్తోంది. భుజం దగ్గర కుట్లు దగ్గర దగ్గరగా, ఒకే కొలతతో ఉన్నాయి. ఈ కోటు నత్తే కుట్టాడని పొద్దున ఎవరో అన్నారు. వేళ్లు ఆ కుట్ల మీద ఆగిపోయాయి.

వంతెన తర్వాత దారి చీలేది ఎక్కడ? క్వారీ దగ్గర ఒక్క చోటే. అక్కడ ఎవరు ఆగారు? తను ఆ దారిన రానేలేదు.

"ఆయన ఆలస్యం కాలేదండీ," అంది. మాట మామూలుగా వచ్చింది. "నేను ఆయన్ని దాటలేదు. కింది రోడ్డున వచ్చేశాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారికి ముందు అర్థమైంది. చేతిలో ముద్ద డబ్బాలో పడేశాడు.

"క్వారీ చీలిక దగ్గర మీ వెనక ఎవరున్నారు కెప్టెన్?"

"నత్త," అన్నాడు కెప్టెన్. లేచి నిలబడ్డాడు.

"అందరూ వెళ్లిపోయాక వచ్చేయొచ్చుగా," అన్నాడు కెమెరా. "ఆ మాత్రం బుర్ర లేదా?"

"బుర్ర లేనిది మనకిరా. ఈ అమ్మాయి కాలవ గట్టు వైపు నుంచి వచ్చింది. కళ్లారా చూశాం. చూసి, కబుర్లు చెప్పుకుని, భోజనం చేశాం. రూలు పెట్టింది నేను. అడగాల్సింది నేను." కెప్టెన్ తాళాల కోసం జేబులు తడుముకున్నాడు.

"మీరొద్దు. నేను వెళ్తాను," అంది ఆమె. తడి కోటే మళ్లీ తొడుక్కుంది.

*

వాన సన్నగా పడుతోంది. క్వారీ నుంచి వచ్చే లారీలు రోడ్డంతా తెల్లటి బురద చేశాయి. మలుపు తిరగగానే కనబడ్డాడు. బండి స్టాండు వేసి ఉంది. దాని పక్కన, రోడ్డు అంచున, నత్త. కళ్లద్దాల మీద నీళ్లు. వంతెన వైపు నుంచి ఏ బండి చప్పుడు వినబడినా చెయ్యి లేస్తోంది, బండి దగ్గరికొచ్చాక దిగుతోంది. ఆమె ఇటుపక్కనుంచి వచ్చి ఆగితే మొదట చూడనే లేదు.

"అన్నయ్యా."

తిరిగాడు. ఆమెని చూశాడు, కోటు చూశాడు, మళ్లీ వెనక్కి వంతెన వైపు చూశాడు.

"నువ్వు ముందునుంచి వచ్చావేంటమ్మా? మాస్టారేడి?"

"డ్యామ్ దగ్గర ఉన్నారు. చెయ్యి బెణికింది. కట్టు కట్టారు. బాగానే ఉన్నారు. నేను... కింది రోడ్డున తీసుకెళ్లిపోయాను. మీరు ఇక్కడున్నారని..."

"బాగున్నాడు కదా?"

"బాగున్నారు."

ఆయన ఊపిరి వదిలాడు. అప్పుడు గానీ బండి సీటుకి ఆనుకోలేదు. మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, ఒక చేత్తో నొక్కుకున్నాడు.

"అందరూ దాటారు, మీ ఇద్దరే రాలేదు. ఏదో అయిందని తెలుస్తూనే ఉంది. వెనక్కి వెళ్లి చూద్దామా అని వందసార్లు అనుకున్నా. ఈ వానలో ఒకరినొకరం చూసుకోకుండా దాటిపోయి, మీరు ఇక్కడికొచ్చి కుడివైపు తిరిగితే? ఆ రోడ్డు చూడు, క్వారీ గుంటల్లోకి పోతుంది. వానలో కనబడదు కూడా." చెయ్యి చాపి చూపించాడు. "ఈలోగా నన్ను చూసి లారీవాళ్లు దారి అడగడం మొదలుపెట్టారు. ఒకాయన అయితే వాళ్ల మేనమామ ఇల్లెక్కడని అడిగాడు. తెలిస్తే అదీ చెప్పేవాణ్ణి."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"భోజనాల వేళకి అక్కడుండాలని కెప్టెన్ పొద్దున మీకు చెప్పారు కదా."

"చెప్పాడు."

"తెలిసీ నిలబడ్డారా?"

ఆయన ఆ ప్రశ్న వింతగా ఉన్నట్టు చూశాడు. "సముద్రం వచ్చే నెల సంగతి తల్లీ. నువ్వూ మాస్టారూ ఇవాళ్టి సంగతి."

కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తుడవడానికి ఒంటి మీద పొడి గుడ్డ లేదు. ఇంకా మసకబారాయి.

"ఇక కదలొచ్చా మరి? రూలు ప్రకారం నువ్వింకా రాలేదు," అన్నాడు నవ్వుతూ.

ఆయన సరదాకే అన్నాడు. ఆమె మాత్రం కిక్కు కొట్టింది. ఆయన్ని దాటి వంతెన వైపు వెళ్లింది. మొదటి మలుపు దాకా వెళ్లి, బండి తిప్పుకుని, నారింజ కోటు బొత్తాలు పెట్టుకుని, తిరిగి వచ్చింది.

ఆయన చూస్తూ నిలబడ్డాడు. ఇదేం చాదస్తం అన్నట్టు మొదట తల అడ్డంగా ఊపాడు. కానీ బండి దగ్గరికొస్తుంటే ఆ మనిషి తిన్నగా నిలబడ్డాడు. కుడి చెయ్యి భుజం దాకా లేచింది. వేళ్లన్నీ కలిపి, ఎడమవైపు దారికేసి చాచాడు. దారి ఎటో చూసేవాళ్లకి అనుమానం ఉండదు.

తర్వాత బండెక్కి ఆమె ముందు కలిశాడు.

ఆమె వెనక నడిపింది. ఆయన వేగమే ఆమె వేగం. మొదట గేరు సరిపడక బండి ఊగింది. రెండో మలుపుకి సర్దుకుంది. ఆయన గుంత కనబడితే కాలు చాపాడు. ఒక్క మనిషే వెనక ఉన్నా చాపాడు.

*

డ్యామ్ దగ్గర అందరూ రోడ్డు మీదికి వచ్చి నిలబడి ఉన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది చప్పట్లు కొట్టే సమయం కాదని అందరికీ తెలుసు. కెమెరా వెళ్లి ఆయన బండి పట్టుకుని స్టాండు వేశాడు. మాస్టారు తన పొడి తువ్వాలు ఇచ్చాడు. ఆయనేమో ముందు మాస్టారి చెయ్యి పట్టుకుని కట్టు చూశాడు.

"నత్తా..." అని మొదలుపెట్టాడు కెప్టెన్. ఆగాడు. "అన్నా. ముందు తిను."

"తింటాను. మీ అందరి భోజనాలూ అయ్యాయా?"

ఆ మాటకి కెప్టెన్ తల దించుకున్నాడు. ఎత్తి, అందరికీ వినబడేలా అన్నాడు: "సముద్రానికి అన్న సరిగ్గా నా వెనక. ఆయన ఎంత వేగంలో వస్తే జట్టు అంత వేగంలో వెళ్తుంది. తొందరున్నవాళ్లు విడిగా వెళ్లొచ్చు."

ఎవరూ విడిగా వెళ్తామనలేదు.

"వద్దు కెప్టెన్," అన్నాడాయన ముద్ద నోట్లో పెట్టుకుంటూ. అందరూ ఉలిక్కిపడ్డారు. "నీ వెనక నేనుంటే దారి చీలిన మొదటి చోటే నేను ఆగాలి. మా ఆవిడ వెనక సీటు మీద గొణుగుతుంది. మధ్యలో ఎక్కడైనా పెట్టు."

ముందు మాస్టారు నవ్వాడు. తర్వాత అందరూ.

తిరుగు ప్రయాణంలో జట్టంతా నెమ్మదిగా దిగింది. మాస్టారు కెప్టెన్ వెనక కూర్చున్నాడు. ఒక మోపెడ్ వాళ్లని దాటిపోయింది. నడిపే పెద్దాయన ఇన్ని పెద్ద బళ్లని దాటుతున్నందుకు వెనక్కి తిరిగి తిరిగి చూసుకున్నాడు.

*

మంగళవారం సీటు కవర్ల షాపు వీధిలో మీటర్లు చదవాలి. ఆయన జలుబుతో మెడ చుట్టూ గుడ్డ చుట్టుకుని మిషను తొక్కుతున్నాడు. భార్య నీలం తొడుగుకి అంచు మడుస్తోంది.

"అంతసేపు వానలో నిలబెట్టారటగా," అంది ఆవిడ.

"తప్పు నాదేనండీ."

"నీదేం తప్పమ్మా, ఈయనతో వచ్చిన చిక్కే అది. రైల్వే స్టేషన్లో కలుద్దామన్నాడు ఒకప్పుడు. నేను రోజు పొరపడి మర్నాడు వెళ్లా. అక్కడే ఉన్నాడు, టీ కొట్టువాడితో వావి వరసలు కలుపుకుని." ఆవిడ అది ఫిర్యాదులా చెప్పలేదు. అంచు మడతని గోటితో నొక్కుతూ, ఆయన వైపు చూడకుండా, మంచి గుడ్డ నాణ్యం చెబుతున్నట్టు చెప్పింది.

"మర్నాడు కాదు. అదే రోజు రాత్రి," అన్నాడాయన తుమ్ముతూ.

ఆమె మీటరు చదివి, అంకెలు రాసుకుని, బండెక్కింది. తర్వాతి వీధి ఒంటరిగానే. ఆ తర్వాతదీ ఒంటరిగానే. పని అలాంటిది.

మీరు ఏ ఊరికో వెళ్తూ ఉంటారు. దారి రెండుగా చీలే చోట, బండి పక్కన, ఒక మనిషి ఊరికే నిలబడి ఉంటాడు. అతను ఎదురుచూస్తున్నది మీ కోసం కాదు కాబట్టి, లేచిన చెయ్యి మిమ్మల్ని చూసి దిగిపోతుంది. బండి చెడిందేమో, పనీపాటా లేదేమో అనుకుని దాటిపోకండి. వెనక ఎవరో ఇంకా రావాల్సి ఉంది. సీటు కవర్లు కుట్టే ఆయన ఒకాయన వానలో అలా నిలబడ్డాడని, ఆ ఒక్క క్షణమైనా దయచేసి గుర్తు చేసుకోండి.